ఫైల్ షేరింగ్ వల్ల సినిమాకి నిజంగా నష్టమా? అయితే ఎవరికి, ఎంత?

వెండితెర_వీక్షకుడు

అందరికీ నమస్కారం. ఈ విషయం ఎప్పుడు లేచినా రెండే మాటలు వినిపిస్తాయి. పైరసీ సినిమాని చంపేస్తోందని ఒకరంటారు. ఊరికే చూసేవాడు ఎలాగూ టికెట్ కొనడు, నష్టం ఎక్కడిదని ఇంకొకరంటారు. లోపల పనిచేసినవాళ్లు, లెక్కలు చదివినవాళ్లు ఎవరైనా ఉంటే వివరంగా చెప్తారని ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నాను.

నా సందేహం ఇది. పాటల ఫైళ్లు పంచుకునే నాప్‌స్టర్ 1999లో వచ్చింది, ఏ ఫైలైనా పంచుకునే పద్ధతి బిట్‌టొరెంట్ 2001లో, అలాంటి ఫైళ్లు (టొరెంట్లు) వెతికిపెట్టే సైటు పైరేట్ బే 2003లో. అప్పటినుంచి సినిమా పని అయిపోయిందనే అంటున్నారు. కానీ 2019లో ప్రపంచం మొత్తం మీద థియేటర్ వసూళ్లు 42 బిలియన్ డాలర్లు దాటాయి. మరుసటి ఏడాది కుప్పకూలింది కోవిడ్ వల్ల, టొరెంట్ల వల్ల కాదు. 2009లో 'ఎక్స్-మెన్ ఆరిజిన్స్: వుల్వరిన్' విడుదలకి నెల ముందే నెట్‌లోకి వచ్చేసింది. గ్రాఫిక్స్ కూడా పూర్తికాని కాపీ అది. అయినా అమెరికాలో మొదటి మూడు రోజుల్లోనే 85 మిలియన్ డాలర్లు వచ్చాయి. మరి నష్టం ఎక్కడ పడుతోంది?

కట్‌రూమ్

నేను ఎడిటింగ్‌లో ఉన్నాను, ఎక్కువగా చిన్న సినిమాలకి. మీ ప్రశ్నలో చివరి మాటే అసలు ప్రశ్న. నష్టం ఎక్కడ పడుతోంది?

వుల్వరిన్ లాంటి సినిమాకి విడుదలకి ముందే కోట్లమందికి పేరు తెలుసు. ప్రచారానికే ఒక చిన్న దేశపు సినిమాలన్నిటి బడ్జెట్ అంత ఖర్చుపెడతారు. మొదటి వారాంతంలో వచ్చే జనం వేరు, వాళ్లు తెరమీదే చూడాలని వస్తారు. దాన్ని కొలతగా పెట్టుకుని పరిశ్రమ బాగానే ఉందంటే ఎలా?

చిన్న సినిమా డబ్బు అలా రాదండి. థియేటర్‌లో కొద్ది రోజులు ఆడుతుంది, లేదా ఆడదు. తర్వాత ఒక దేశంలో టీవీ హక్కులు, ఇంకో దేశంలో డిజిటల్ హక్కులు, ఎక్కడో విమాన సంస్థకి ఒక ప్యాకేజీ. ఇవన్నీ కూడితే పెట్టుబడి వెనక్కి వస్తుంది. నేను పనిచేసిన ఒక సినిమా ఫెస్టివల్ కమిటీకి పంపిన లింకు నుంచి బయటికి పోయింది. అప్పటికి ఇద్దరు కొనుగోలుదారులతో బేరం నడుస్తోంది. ఒకరు సగం ధర అన్నారు, ఇంకొకరు మాట్లాడటమే మానేశారు. ఎన్నిసార్లు డౌన్‌లోడ్ అయిందో నాకు తెలియదు. వందసార్లే కావచ్చు. "ఇది నెట్‌లో ఉందట కదా" అన్న ఒక్క మాట చాలు బేరం పాడవటానికి.

పాత_సీడర్

మీ సినిమాకి జరిగింది బాధాకరమే కట్‌రూమ్ గారూ, అందులో వాదన లేదు. కానీ పరిశ్రమ మొత్తం పేరుతో చెప్పే మాటల్ని మాత్రం నేను నమ్మను. వాళ్ల చరిత్రే అలాంటిది.

1982లో అమెరికా పెద్ద స్టూడియోల సంఘం అధ్యక్షుడు జాక్ వాలెంటి అక్కడి కాంగ్రెస్ ముందుకొచ్చి, సినిమా నిర్మాతకి వీసీఆర్ (ఇంట్లో వీడియో రికార్డు చేసే యంత్రం) అంటే ఇంట్లో ఒంటరిగా ఉన్న మహిళకి బోస్టన్‌లో మహిళల్ని గొంతు నులిమి చంపిన హంతకుడి లాంటిదన్నాడు. సోనీ తయారుచేసిన బీటామ్యాక్స్ అనే వీసీఆర్ మీద స్టూడియోలు వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1984లో 5-4 తేడాతో సోనీ గెలిచింది. టీవీలో వచ్చేదాన్ని ఇంట్లో రికార్డు చేసుకుని తర్వాత చూడటం తప్పు కాదని తేలింది. తర్వాత ఏమైంది? ఆ వీడియో క్యాసెట్టే స్టూడియోలని పోషించింది. థియేటర్ కంటే ఇంట్లో చూసే క్యాసెట్లు, డీవీడీల మీదే ఎక్కువ సంపాదించిన రోజులు వచ్చాయి. కేసు వాళ్లు గెలిచి ఉంటే ఆ డబ్బు చేతులారా పోగొట్టుకునేవాళ్లు.

ఇంకో మాట. డౌన్‌లోడ్ల సంఖ్యని టికెట్ ధరతో హెచ్చవేసి "ఇన్ని వేల కోట్లు పోయాయి" అనేది లెక్క కాదు. ఊరికే వస్తుంటే మనిషి ముప్పై సినిమాలు దించుకుంటాడు. వాటిలో చూసేవి ఐదారు. డబ్బు పెట్టాల్సి వస్తే ఒకటో రెండో. మిగతావన్నీ పోయిన టికెట్లని ఎలా అంటారు?

లెక్కల_పిచ్చి

ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలు చాలాకాలంగా చదువుతున్నాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు సీడర్ గారి వైపు. పరిశ్రమ చెప్పే అంకెలు నమ్మదగ్గవి కావనటానికి మంచి ఉదాహరణ ఉంది. అమెరికా స్టూడియోల సంఘం 2005లో ఒక అధ్యయనం చేయించింది. దేశంలో తమకి వచ్చే నష్టంలో 44 శాతం కాలేజీ విద్యార్థుల వల్లేనని అందులో తేల్చారు. ఆ అంకె పట్టుకుని విశ్వవిద్యాలయాల నెట్‌వర్కుల మీద చట్టాలు తెమ్మని ఒత్తిడి చేశారు. 2008 జనవరిలో ఆ సంఘమే లెక్కలో పొరపాటు జరిగిందని, అది 15 శాతమని ప్రకటించింది. 2010లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ, నకిలీ సరుకులూ పైరసీల వల్ల నష్టం ఇంత అని ప్రచారంలో ఉన్న అంకెల్ని తవ్వి చూసింది. ఎక్కువగా వాడే మూడు అంకెలకి మూలమైన అధ్యయనాలే దొరకలేదు.

ఇప్పుడు కట్‌రూమ్ గారి వైపు. అంకెలు తప్పయినంత మాత్రాన నష్టం లేదని అర్థం కాదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో అచ్చువేసిన పేపర్ ఒకటుంది. విడుదలకి ముందే కాపీ బయటికి వస్తే, విడుదల తర్వాత వచ్చిన దాంతో పోలిస్తే థియేటర్ వసూళ్లు సగటున 19 శాతం దాకా తక్కువ ఉన్నాయని తేలింది. వుల్వరిన్‌కి 85 మిలియన్లు వచ్చాయంటున్నాం సరే, లీక్ కాకపోతే ఎంత వచ్చేదో ఎవరూ చూడలేదు కదా.

యూరోపియన్ కమిషన్ కూడా ఒక పెద్ద అధ్యయనం చేయించింది. ఆరు దేశాలు, దాదాపు 30 వేలమంది. అది 2015లోనే పూర్తయినా బయటపెట్టలేదు. ఒక పార్లమెంటు సభ్యురాలు పట్టుబట్టి అడిగాక 2017లో బయటికొచ్చింది. సంగీతం, పుస్తకాలు, ఆటల విషయంలో అమ్మకాలు తగ్గాయనటానికి గట్టి ఆధారం దొరకలేదు. కొత్తగా వచ్చిన పెద్ద సినిమాల విషయంలో మాత్రం దొరికింది. అలాంటి సినిమాలు అక్రమంగా పది చూస్తే, సక్రమంగా చూసేవి నాలుగు తగ్గుతున్నాయి.

హాలు_చివరి_వరుస

పదికి నాలుగంటే తక్కువేం కాదే! మరి మిగతా ఆరు?

లెక్కల_పిచ్చి

ఆ ఆరూ ఎలాగూ డబ్బుపెట్టి చూసేవి కావు. అందుకే "ప్రతి డౌన్‌లోడూ ఒక టికెట్" అన్న లెక్కా తప్పే, "ఒక్క టికెట్టూ పోలేదు" అన్న లెక్కా తప్పే.

ఇది కొలవటం ఎందుకు కష్టమో కూడా చెప్పాలి. జనానికి బాగా నచ్చిన సినిమా థియేటర్‌లోనూ ఎక్కువ ఆడుతుంది, టొరెంట్లలోనూ ఎక్కువ తిరుగుతుంది. రెండు అంకెలూ పక్కపక్కన పెడితే పైరసీ ఎక్కువైన సినిమాకే వసూళ్లు ఎక్కువ కనిపిస్తాయి! దాన్ని చూసి పైరసీ మేలు చేసిందంటే తప్పు. అందుకే పరిశోధకులు బయటినుంచి వచ్చిపడే మార్పుల కోసం చూస్తారు: ఒక సైటు మూతపడటం, ఒక చట్టం రావటం, ఒక దేశంలో ముందు, ఇంకో దేశంలో ఆలస్యంగా విడుదల కావటం లాంటివి.

ప్రొజెక్టర్_గది

థియేటర్ టెక్నికల్ పని చేస్తాను. కాపీలు ఎక్కడినుంచి పోతాయో తెలియకుండా నష్టం గురించి మాట్లాడితే సగమే మాట్లాడినట్టు.

ఇప్పుడు థియేటర్‌కి సినిమా వచ్చేది హార్డ్ డ్రైవ్‌లోనో ఉపగ్రహం ద్వారానో, డీసీపీ అనే డిజిటల్ ఫైళ్ల రూపంలో. అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. దాన్ని తెరవటానికి కేడీఎం అనే డిజిటల్ తాళంచెవి విడిగా పంపుతారు. ఫలానా సర్వర్‌కి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా మాత్రమే ఆ తాళంచెవి పనిచేస్తుంది. పైగా షో నడుస్తుంటే కంటికి కనబడని గుర్తు బొమ్మలోనూ శబ్దంలోనూ కలుస్తుంది. ఎవరైనా హాల్లో కెమెరాతో తీస్తే ఆ రికార్డింగ్ నుంచి ఏ సర్వర్, ఏ తేదీ, ఏ వేళ అని తేల్చవచ్చు. మా దగ్గర నుంచి అసలు ఫైలు పోవటం చాలా అరుదు. పోయేది ఆ వణికే కెమెరా కాపీనే.

శుభ్రమైన కాపీలు ఎక్కువగా బయటికి పోయింది పరిశ్రమలోపలి నుంచే. గ్రాఫిక్స్ కంపెనీలు, డబ్బింగ్, అవార్డుల కోసం పంపే స్క్రీనర్లు. 2004లో ఆస్కార్ అకాడమీ తన సభ్యుడొకర్ని వెలివేసింది. ఓటు వేయటానికి పంపిన క్యాసెట్లు ఆయన ఇంకొకరికిస్తే అవి నెట్‌లో తేలాయి.

ఇప్పుడు ఆ అవసరం కూడా లేదు. సినిమా స్ట్రీమింగ్‌లోకి వచ్చిన కొన్ని గంటల్లోనే అచ్చం అసలులాంటి కాపీ బయట ఉంటుంది. 2021లో వార్నర్ బ్రదర్స్ అమెరికాలో తన సినిమాలన్నిటినీ థియేటర్‌లో, తన స్ట్రీమింగ్ సేవ హెచ్‌బీఓ మ్యాక్స్‌లో ఒకే రోజు విడుదల చేసింది. అంటే మొదటి రోజే శుభ్రమైన కాపీ ప్రపంచం చేతిలో పెట్టినట్టు. ఆ సినిమాలు ఇంకా థియేటర్‌కి రాని దేశాల్లో హాళ్లవాళ్లు ఏమనుకుని ఉంటారో మీరే ఊహించండి. కోవిడ్ రోజులు, వాళ్ల కష్టం వాళ్లది, కాదనను. కానీ నష్టాన్నంతా ఎక్కడో కూర్చున్న కుర్రాడి మీద వేసే ముందు ఇది కూడా గుర్తుపెట్టుకోవాలి.

పాత_సీడర్

గది గారు చెప్పిన "ఇంకా రాని దేశాలు" అన్న మాట దగ్గర ఆగుదాం. నా వాదనంతా అక్కడే ఉంది.

ఒక సినిమా ఒక దేశంలో ఈ రోజు విడుదలై, ఇంకో దేశంలో నాలుగు నెలలకి వస్తే ఆ నాలుగు నెలలూ అక్కడి ప్రేక్షకుడు ఏం చేయాలి? అందరూ దాని గురించే మాట్లాడుతుంటారు. ముగింపు కూడా ఎవరో రాసేస్తారు. కొనుక్కుందామంటే అమ్మేవాడు లేడు. అక్కడ పుట్టేదే ఫైల్ షేరింగ్. లెక్కల పిచ్చి గారూ, దీనిమీద కూడా పేపర్ ఉండాలి, మీకు తెలిసే ఉంటుంది.

లెక్కల_పిచ్చి

ఉంది. డానహర్, వాల్డ్‌ఫోగెల్ అని ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు చేశారు. బిట్‌టొరెంట్ పెరుగుతున్న రోజుల్లో, అమెరికాలో విడుదలైన తర్వాత ఎంత ఆలస్యంగా ఇతర దేశాల్లో విడుదలైతే అక్కడ వసూళ్లు అంత తగ్గాయని చూపించారు. మొత్తం మీద విదేశీ వసూళ్లు కనీసం 7 శాతం తగ్గాయని వాళ్ల అంచనా. ఆలస్యం లేని అమెరికాలో మాత్రం అలాంటి తగ్గుదల కనిపించలేదు.

ఈ ఫలితాన్ని సీడర్ గారు ఒకలా చదువుతారు, కట్‌రూమ్ గారు ఇంకోలా చదువుతారు. నాకు తోచేదేమంటే రెండూ నిజమే. నష్టం జరిగింది, అయితే ఆ నష్టానికి తలుపు తెరిచింది స్టూడియోల విడుదల పద్ధతే. ఆ తర్వాత పెద్ద సినిమాలు ప్రపంచమంతా ఒకే వారంలో విడుదల చేయటం మామూలైపోయింది.

నిశాచరి

దక్షిణ కొరియా సంగతి ఎవరూ చెప్పలేదేం? ఈ చర్చకి దానికంటే మంచి పాఠం లేదు.

మిగతా ప్రపంచం కంటే చాలా ముందే అక్కడ ఇళ్లకి వేగవంతమైన ఇంటర్నెట్ వచ్చింది. ఫైల్ షేరింగ్ కూడా అలాగే పెరిగింది. డీవీడీ మార్కెట్ నేలమట్టమైంది. హాలీవుడ్ స్టూడియోలు ఒక్కొక్కటిగా అక్కడి హోమ్ వీడియో ఆఫీసులు మూసుకున్నాయి. ఆఖరుగా 2008లో వార్నర్ కూడా వెళ్లిపోయింది. అదే దేశంలో థియేటర్లకి వచ్చే జనం మాత్రం పెరుగుతూ పోయారు. 2013లో ఏడాదికి 20 కోట్ల టికెట్లు దాటాయి. జనాభా 5 కోట్లు!

మరి కొరియాలో ఫైల్ షేరింగ్ సినిమాకి నష్టం చేసిందా? థియేటర్ ఓనర్‌ని అడిగితే లేదంటాడు. డీవీడీ షాపువాణ్ని అడుగుదామంటే అతను లేడు.

కట్‌రూమ్

నిశాచరి గారూ, సరిగ్గా ఇదే నేను చెప్పాలనుకున్నది. మీ దగ్గర దేశం పేరుతో సహా ఉంది.

ఆ డీవీడీ డబ్బు ఎవరిది? పెద్ద సినిమాకి అది లాభం మీద లాభం. మధ్యరకం సినిమాకి, మాటల మీద నడిచే సినిమాకి అది ప్రాణం. థియేటర్‌లో అంతంతమాత్రంగా ఆడినా డీవీడీలో బయటపడవచ్చన్న ధైర్యం ఉండేది. నటుడు మాట్ డేమన్ కూడా ఒక ఇంటర్వ్యూలో ఇదే చెప్పాడు. డీవీడీ ఆదాయం పోయాక మునుపు తీసిన తరహా సినిమాలు తీయలేకపోతున్నామని. ఆయన పైరసీని మాత్రమే అనలేదు, టెక్నాలజీ మారటం గురించి అన్నాడు. నేను కూడా అంతా టొరెంట్ మీద వేయను. స్ట్రీమింగ్ కూడా డీవీడీని తిన్నది. కానీ కొనేవాడి చేతిలో ఊరికే వచ్చే కాపీ ఉన్నప్పుడు మన బేరం బలం ఎంత తగ్గుతుందో ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకి తెలుస్తుంది.

నష్టమనగానే అందరూ వచ్చేసిన సినిమా వసూళ్లు చూస్తారు. నేను చూసేది రాని సినిమా. నిర్మాత రెండో సినిమాకి అప్పు అడిగితే మొదటిది ఎంత తెచ్చిందని అడుగుతారు. అక్కడ తక్కువ కనిపిస్తే ఆ రెండోది పుట్టదు. పుట్టని సినిమాకి వసూళ్ల లెక్క ఏ పేపర్‌లోనూ ఉండదు.

ఇరాక్ యుద్ధం మీద తీసిన 'ది హర్ట్ లాకర్' చూడండి. 2010లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. అమెరికాలో విడుదలకి నెలల ముందే టొరెంట్లలో ఉంది. అక్కడ వసూళ్లు 17 మిలియన్ డాలర్లు మాత్రమే. ఉత్తమ చిత్రం గెలిచినవాటిలో అంత తక్కువ వచ్చినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

పాత_సీడర్

హర్ట్ లాకర్ నిర్మాతలు తర్వాత వేలమంది మామూలు జనం మీద కేసులు వేశారు, ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరు) ఒక్కటే ఆధారంగా. డబ్బు కట్టి రాజీ పడండి, లేకపోతే కోర్టుకి రండి అని ఉత్తరాలు. అదీ చెప్పాలి కదా.

పైగా ఆ రోజుల్లో ఇరాక్ యుద్ధం మీద వచ్చిన సినిమాలకి అసలు జనమే రాలేదు. లీక్ కానివి కూడా ఆడలేదు.

లెక్కల_పిచ్చి

ఒక్క సినిమా చూపించి ఏదైనా నిరూపించవచ్చు. అటు వుల్వరిన్, ఇటు హర్ట్ లాకర్. అందుకే వందల సినిమాల మీద చేసిన పని ముఖ్యం. మెగాఅప్‌లోడ్ మూసివేత మీద వచ్చిన రెండు పరిశోధనలు చెప్తాను.

2012 జనవరి 19న అమెరికా ప్రభుత్వం ఆ సైటుని మూసేసింది. అప్పటికి ప్రపంచంలోని అతి పెద్ద ఫైల్ సైట్లలో అదొకటి. మొదటి పరిశోధన 12 దేశాల్లో రెండు స్టూడియోల డిజిటల్ అమ్మకాలూ అద్దెలూ చూసింది. మూసివేత తర్వాత ఆదాయం 6.5 నుంచి 8.5 శాతం దాకా పెరిగింది. రెండో పరిశోధన థియేటర్ వసూళ్లు చూసింది. చాలా తెరల మీద విడుదలైన పెద్ద సినిమాలకి మేలు జరిగింది. మిగతా సినిమాలకి మేలు కనబడలేదు సరికదా, కాస్త తగ్గిన ఛాయలు కనిపించాయి. ఊరికే చూసినవాళ్లు నలుగురికి చెప్తే ఆ మాట విని టికెట్ కొనేవాళ్లు ఉంటారని, ప్రచారానికి డబ్బులేని సినిమాకి ఆ నోటిమాట అవసరమని వాళ్ల వివరణ.

కట్‌రూమ్ గారూ, ఇది మీ అనుభవానికి ఎదురు పోతున్నట్టు ఉంది. మీరేమంటారు?

కట్‌రూమ్

ఎదురు పోవటం లేదు. అది థియేటర్‌కి వచ్చిన సినిమాల లెక్క. నోటిమాట విని టికెట్ కొనాలంటే సినిమా ఇంకా హాల్లో ఉండాలి. చిన్న సినిమా రెండో వారానికే హాలు ఖాళీ చేయాల్సి వస్తుంది. అప్పుడు ఆ నోటిమాట ఎవరి జేబులోకి పోతుంది? వెతికితే మొదట తగిలే పైరసీ సైటుకి పోతుంది. మీరు చెప్పిన మొదటి పరిశోధనలో పెరిగింది డిజిటల్ ఆదాయం. మా బతుకు అక్కడే ఉంది.

అపర్ణ_రాస్తోంది

ఇక్కడ ఒక సంగతి కలిసిపోతోంది. విడదీసి చెప్తాను.

బిట్‌టొరెంట్‌లో ఫైలు ముక్కలు ముక్కలుగా వస్తుంది. దించుకునేవాడే తన దగ్గరున్న ముక్కల్ని పక్కవాడికి ఇస్తుంటాడు. అందులో మధ్యవర్తికి డబ్బు రావాల్సిన పని లేదు. నిజంగానే పంచుకోవటం అది, చట్టం దృష్టిలో తప్పయినా సరే. ఇవాళ ఎక్కువమంది చూసేది అలా కాదు. లింకు నొక్కగానే ఆడే స్ట్రీమింగ్ సైట్లలో చూస్తున్నారు. ఎక్కడో కూర్చుని ఒకడు సర్వర్లు నడిపిస్తాడు. జూదం ప్రకటనలు, మోసపు యాప్‌లు, ఫోన్‌లోకి చొరబడే వైరస్‌లు, వీటిమీద డబ్బు చేసుకుంటాడు. ప్రేక్షకుడు ఊరికే చూస్తున్నాననుకుంటాడు, అతని ఫోన్‌లోని సమాచారం అమ్ముడుపోతుంటుంది. సినిమా తీసినవాడికి పైసా రాదు, చూపించినవాడికి మాత్రం ఆదాయం.

నేను సాఫ్ట్‌వేర్ భద్రత పని చేస్తాను. ఆ సైట్ల లోపల ఏముంటుందో చూస్తుంటాను. సినిమా అక్కడ ఎర మాత్రమే.

పాత_సీడర్

అపర్ణ గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. ఆ సైట్లని నేను ఏ రోజూ సమర్థించలేదు. వాటికి నేను చెప్పే పంచుకోవటానికి సంబంధం లేదు.

నేను వెనకేసుకొచ్చేది ఇంకొకటి. ఎక్కడా అమ్మకానికి లేని సినిమాలు. 1922లో వచ్చిన 'నోస్ఫెరాటు' మీద కాపీరైట్ కేసు పడింది. అన్ని ప్రింట్లూ నాశనం చేయమని జర్మనీ కోర్టు తీర్పిచ్చింది. అప్పటికే అక్కడక్కడా చేరిన కాపీలు మిగలబట్టే ఈ రోజు మనం చూడగలుగుతున్నాం. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013 నివేదిక ప్రకారం అక్కడ తీసిన పూర్తి నిడివి మూకీ చిత్రాల్లో మొదట విడుదలైన రూపంలో మిగిలినవి 14 శాతమే. హక్కులున్న స్టూడియోలే వాటిని నిర్లక్ష్యం చేశాయి. ఇప్పటికీ ఎన్నో సినిమాలకి హక్కుదారు ఎవరో తెలియదు, తెలిసినా విడుదల చేయడు. వాటిని ఎవరో హార్డ్ డిస్కులో దాచి, సబ్‌టైటిల్స్ రాసి, పదేళ్లు సీడ్ చేస్తూ (అంటే ఇతరులు దించుకునేలా అందుబాటులో ఉంచుతూ) కూర్చుంటారు. దానివల్ల ఎవరికి నష్టం?

ఉపశీర్షిక

నేను సబ్‌టైటిల్స్ రాస్తాను. మొదట ఇష్టంతో ఊరికే రాసేదాన్ని, ఇప్పుడు అదే ఉద్యోగం. సీడర్ గారి మాటకి నా వంతు సాక్ష్యం ఇది. కొన్ని భాషల సినిమాలకి బయటి ప్రేక్షకులంటూ ఏర్పడిందే అలాంటి అనధికార సబ్‌టైటిల్స్ వల్ల. తర్వాత స్ట్రీమింగ్ కంపెనీలు ఆ ప్రేక్షకుల్ని చూసే హక్కులు కొన్నాయి.

కానీ ఇప్పుడు నేను డబ్బులకి రాసిన ఫైలుని అలాగే ఎత్తుకుపోయి, నా పేరు తీసేసి, ఆ జూదం సైట్లలో పెడుతున్నారు. అది చూస్తే కడుపు మండిపోతుంది. రెండూ ఒక గాటన కట్టకండి.

కట్‌రూమ్

సీడర్ గారూ, పాత సినిమాల విషయంలో మీతో నాకు తగువు లేదు. ఎవరూ అమ్మని సినిమాని దాచిపెట్టినవాళ్లకి నమస్కారం పెడతాను. నా తగువు మొదటి కొన్ని వారాల గురించి, ఇంకా బేరం తెగని సినిమా గురించి.

హాలు_చివరి_వరుస

సైట్లు మూయించటం వల్ల లాభం ఉందా అసలు? ఒకటి మూస్తే ఇంకోటి పుడుతుంది కదా. పైరేట్ బే మీద 2006లో పోలీసులు దాడిచేస్తే కొద్ది రోజుల్లోనే తిరిగొచ్చింది. 2009లో నడిపినవాళ్లకి జైలుశిక్ష పడింది, అయినా సైటు ఆగలేదు.

లెక్కల_పిచ్చి

బ్రిటన్‌లో దీన్ని కూడా కొలిచారు. 2012లో కోర్టు ఒక్క పైరేట్ బేని మాత్రమే ఆపించినప్పుడు, డబ్బు కట్టి చూసే సేవలకి జనం మళ్లలేదు. పక్క సైటుకి వెళ్లారు. మరుసటి ఏడాది 19 సైట్లు కలిపి ఆపించాక మాత్రం సక్రమమైన సేవల వాడకం పెరిగింది. అంటే వెతకటం విసుగెత్తే స్థాయికి చేరితేనే మనిషి మారతాడు. ఇంకో వైపు నుంచి చూసినా అదే. సక్రమంగా చూడటం సులువైతే వెతకటమే మానేస్తాడు. సంగీతంలో జరిగింది ఇదే. అమెరికాలో రికార్డుల ఆదాయం 1999లో 14 బిలియన్ డాలర్లకి పైనుంచి 2014 నాటికి 7 బిలియన్లకి పడిపోయింది. స్ట్రీమింగ్ అందరికీ అందాక మళ్లీ లేచింది.

సినిమాకి ఆ దారి అంత సాఫీగా లేదు. పాటలకి ఒక్క చందా కడితే దాదాపు అన్నీ దొరుకుతాయి. సినిమాలకి ఒక్కో కంపెనీ ఒక్కో ప్లాట్‌ఫామ్ పెట్టుకుంది. నిన్న ఒకచోట ఉన్న సినిమా ఈ రోజు ఇంకోచోట ఉంటుంది, రేపు ఎక్కడా ఉండదు. విసుగు మళ్లీ ప్రేక్షకుడి నెత్తినే పడింది. పరిశ్రమకి జరుగుతున్న నష్టంలో ఈ భాగం పూర్తిగా వాళ్లు చేసుకున్నదే.

వెండితెర_వీక్షకుడు

ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. చాలా కృతజ్ఞతలు. నాకు అర్థమైనంతలో, పెద్ద సినిమా విడుదలకి ముందు లీకైతే నష్టం కొలవగలిగారు. చిన్న సినిమాకి థియేటర్ తర్వాత వచ్చే డబ్బు దగ్గర నష్టం పడుతోంది, దాన్ని కొలవటం కష్టం. పాత సినిమాలకి నష్టం కంటే మేలే ఎక్కువ. పరిశ్రమ పెద్ద అంకెలు మాత్రం పట్టించుకోనక్కర్లేదు. అంతేనా?

కట్‌రూమ్

చివరి దానికి ఒకటి కలుపుతాను. ఆ పెద్ద అంకెలు మాకే ఎక్కువ చేటు చేశాయి. "బిలియన్లు పోయాయి" అని అబద్ధం చెప్పి పట్టుబడ్డాక, చిన్న సినిమా నిర్మాత "నాకు ఈ బేరం పోయింది" అని నిజం చెప్పినా ఎవరూ నమ్మటం లేదు. ఈ థ్రెడ్‌లో కూడా మొదట అలాగే మొదలైంది.

పాత_సీడర్

మీ మాట నేను నమ్మాను కట్‌రూమ్ గారూ. అయినా నా పాత ప్రశ్న అలాగే ఉంది. మీ సినిమాలాంటిదే ఒకటి నేనుండే చోట దొరకదు. ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లు లేరు. నేను ఏం చేయాలి?

కట్‌రూమ్

ఆ సినిమా తీసినవాళ్లకి మెయిల్ రాయండి. మర్యాదకి చెప్పటం లేదు, ఇది నిజంగా పనికొస్తుంది. మేము ఒక డాక్యుమెంటరీకి అలా వచ్చిన మెయిళ్లన్నీ ఒకచోట చేర్చి, "ఇక్కడ అడుగుతున్నవాళ్లు ఉన్నారు" అని ఒక పంపిణీదారుకి చూపించాం. తీసుకున్నాడు. డౌన్‌లోడ్లు ఎన్ని ఉన్నా ఆయనకి చూపించటానికి మా దగ్గర ఏమీ ఉండేది కాదు.

పాత_సీడర్

సరే, రాస్తాను. ఏడాది దాకా ఏ జవాబూ రాకపోతే మళ్లీ ఇక్కడికే వచ్చి అడుగుతాను.

ఉపశీర్షిక

రాసేటప్పుడు ఏ భాషలో సబ్‌టైటిల్స్ కావాలో కూడా రాయండి సీడర్ గారూ. చాలామంది నిర్మాతలకి ఆ సంగతి ఎవరూ చెప్పరు. ఒకే ఒక్క భాషలో ఫైలు చేయించి ఊరుకుంటారు.